నీళ్లల్లో వేస్తే మంట, చేన్లో వేస్తే ఎరువు, ఒంట్లో పెరిగితే గండం: పొటాషియం ఒక్కటేనా?

ముందు నీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్తా, తప్పుంటే దిద్దు. కాలేజీలో సారు వీడియో చూపించారు: శనగగింజంత పొటాషియం ముక్కను నీళ్లల్లో వేయగానే ఊదారంగు మంట లేచి టప్పుమని పేలింది. నర్సంపేట దగ్గర మీ ఊళ్లో మీ బాపు మాత్రం వాన పడ్డ తెల్లారి, తడి చేన్లో, వట్టి చేతుల్తో పొటాష్ చల్లుతారు, ఏమీ కాదు. మీ నాయనమ్మకేమో కిడ్నీ డాక్టరు "పొటాషియం పెరిగింది, కొబ్బరినీళ్లు, అరటిపండు బంద్" అన్నారు. ఈ మూడు పొటాషియాలూ ఒక్కటేనా, ఒక్కటైతే చేను ఎందుకు పేలదు, నాయనమ్మ ఎందుకు పేలలేదు అని అడిగితే "పరీక్షకు రాదు, కూర్చో" అన్నారు. క్లాసంతా నవ్వింది.

నవ్వాల్సిన ప్రశ్న కాదది. ముప్పై ఏండ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి హనుమకొండలో పద్మాక్షి గుట్ట దాపున ఇంటిపట్టునే ఉంటున్నా. ఇంత సూటిగా అడిగిన పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

జవాబు పొట్టిగా కావాలంటే ఇంతే: వీడియోలో ఉన్నది పొటాషియం పరమాణువు, అంటే లోహం. చేన్లో ఉన్నదీ, నాయనమ్మ రక్తంలో ఉన్నదీ పొటాషియం అయాన్, అంటే ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువు. రెంటికీ తేడా ఒకే ఒక్క ఎలక్ట్రాన్. రెంటినీ ఒకే పేరుతో పిలుస్తాం కాబట్టి గడబిడ అవుతుంది. ఫార్ములాలు నీ పుస్తకంలో ఎట్లాగూ ఉంటాయి, నేను మాటల్లోనే చెప్తా.

పొటాషియం పరమాణు సంఖ్య 19. ఎలక్ట్రాన్ల అమరిక 2, 8, 8, 1. ఆ చివరి ఒక్కటీ నాలుగో కక్ష్యలో, కేంద్రకానికి దూరంగా ఉంటుంది. నడుమ పద్దెనిమిది ఎలక్ట్రాన్లు అడ్డం. అందుకే దాని మీద కేంద్రకానికి పట్టు తక్కువ. ఒక మోల్ పరమాణువుల నుంచి ఆ ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 419 కిలోజౌళ్లు చాలు. అదే సోడియానికి 496 కావాలి. ఇక పొటాషియం నుంచి రెండో ఎలక్ట్రాన్ కూడా లాగుదామని చూస్తే 3,052 కిలోజౌళ్లు, అంటే ఏడింతల పైనే. మొదటిది వాకిట్లో అరుగు మీద కూర్చున్న మనిషి, పిలిస్తే లేచి వస్తాడు. రెండోది ఇంటి పునాదిరాయి. అందుకే రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పొటాషియం మామూలు రసాయనంలో ఎక్కడా కనపడదు, ఎప్పుడూ సంయోజకత ఒకటే.

ఆ ఒక్కటీ పోతే మిగిలేవి 18, అచ్చంగా ఆర్గాన్‌కు ఉన్నన్ని. క్లోరిన్‌కు 17 ఉంటాయి, ఒకటి తీసుకుంటే దానికీ 18. మీ బాపు చల్లే పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే, దాని పలుకులో ఇద్దరూ ఆర్గాన్ వేషం కట్టి పక్కపక్కన కూర్చున్నట్టే. పరిమాణం కూడా మారిపోతుంది: లోహంలో పరమాణువు వ్యాసార్ధం 227 పికోమీటర్లయితే, అయాన్‌ది 138. పైకక్ష్యే పోయింది కదా, పైగా 19 ప్రోటాన్లు 18 ఎలక్ట్రాన్లనే లాగుతున్నాయి.

ఇప్పుడు చూడు. లోహం నీళ్లల్లో పేలేది ఎలక్ట్రాన్‌ను వదిలించుకునే తొందరలో. చేన్లో చల్లే పొటాష్ ఆ పని కోట్ల ఏండ్ల కిందే ముగించుకుంది. దాన్ని నీళ్లల్లో వేసి పేలుతుందని చూడటం, బూడిదకు అగ్గిపుల్ల గీసి పెట్టినట్టు. బూడిద పోలిక ఊరికే తేలేదు, కాసేపటికి మళ్లీ అక్కడికే వస్తా.

లోహం సంగతి కళ్లారా చూసినవాడిగా చెప్తా. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ల్యాబ్ స్టోరులో ఒక పాత గాజు సీసా ఉండేది. గ్యాసునూనెలో మునిగి నాలుగు పొటాషియం ముక్కలు, వాటి మీద పసుపుపచ్చ పెచ్చు. ఒక ముక్కను పట్టుకారుతో తీసి, వడపోత కాగితం మీద పెట్టి చాకుతో కోస్తే గట్టి జున్ను తెగినట్టు తెగింది. కోసినచోట వెండి మెరుపు. పిల్లలు మెడలు చాచి చూసేలోపే ఆ మెరుపు మీదికి నీలపు నీడ పాకింది, తర్వాత మసక, తర్వాత బూడిదరంగు. గింజంత తుంపి నీళ్ల తొట్టిలో వేస్తే గుండ్రటి బొట్టై నీటి మీద గిర్రున పరుగెత్తింది, ఊదా మంట, చివర్న టప్. చప్పట్లు. నేనూ గొప్పగా సుద్దముక్క అందుకున్నా.

చేసిన తప్పు ఏమిటంటే, గీకిన పెచ్చులు అంటుకున్న ఆ వడపోత కాగితాన్ని సింకు కింది తడి చెత్తబుట్టలో పడేశాను. బోర్డు మీద సమీకరణం సగం రాశానో లేదో, వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి "సార్, బుట్ట అంటుకుంది" అంది. మా అటెండరు నీళ్ల బకెట్ ఎత్తాడు. "నీళ్లొద్దే, ఇసుక పొయ్యి, ఇసుక!" అని నేను పెట్టిన కేక రెండు గదుల అవతల ఇంగ్లిషు క్లాసును ఆపేసింది. కుండీలో మట్టి గుమ్మరిస్తే ఆరింది. ఆ బోర్డు మీది సమీకరణం ఆ బ్యాచ్ పిల్లలు జన్మలో మరిచిపోయి ఉండరు: రెండు పొటాషియం, రెండు నీళ్లు కలిస్తే రెండు పొటాషియం హైడ్రాక్సైడ్, ఒక హైడ్రోజన్.

అంతకంటే పెద్ద గండం తప్పిందని తర్వాత చదివి తెలుసుకున్నా. ఆ పసుపు పెచ్చు పొటాషియం సూపరాక్సైడ్. గాలిలో కాలితే లిథియం మామూలు ఆక్సైడ్ ఇస్తుంది, సోడియం పెరాక్సైడ్ ఇస్తుంది, పొటాషియం సూపరాక్సైడ్ ఇస్తుంది. అయాన్ ఎంత పెద్దదైతే, పక్కన అంత పెద్ద ఆక్సిజన్ జంటను నిలుపుకోగలదు. నూనెలో ఏండ్ల తరబడి పడున్న పొటాషియం మీద ఈ పెచ్చు కట్టి ఉంటే, చాకు ఒత్తిడికి అది, నూనె, లోహం కలిసి చేతిలోనే పేలొచ్చు. పెచ్చు కట్టిన ముక్కను కోయొద్దు, ముట్టొద్దు. మీ ల్యాబులో అట్లాంటి సీసా కనపడితే సారుకు చెప్పు, నువ్వు మూత కూడా తీయకు.

ఇదే సూపరాక్సైడ్ ఇంకోచోట ప్రాణం పోస్తుంది. మనిషి వదిలిన గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని అది ఆక్సిజన్ ఇస్తుంది. బొగ్గుగని లోపల పొగ కమ్మినప్పుడు మెడకు తగిలించుకుని బయటపడేందుకు వాడే ఒక రకం డబ్బాలో ఉండేది ఇదే. భూపాలపల్లి, గోదావరిఖని వైపు బాయిల్లో పనిచేసే చుట్టాలు ఎవరన్నా ఉంటే సెల్ఫ్ రెస్క్యూయర్ అని అడుగు, చెప్తారు.

నీళ్లల్లో పేలుడు ఎందుకంటే, పుట్టిన హైడ్రోజన్ వేడికి అంటుకుంటుంది అని పుస్తకం రాస్తుంది. తప్పు కాదు. ఒక మోల్, అంటే 39 గ్రాముల పొటాషియం నీటితో కలిస్తే 196 కిలోజౌళ్ల వేడి. పొటాషియం కరిగేది 63.5 డిగ్రీలకే, కాబట్టి ముక్క వెంటనే బొట్టవుతుంది. ఆ హైడ్రోజన్ మంటకు ఊదారంగు ఇచ్చేది ఆవిరైన పొటాషియం. కానీ ఒక పేచీ ఉంది: పుట్టిన హైడ్రోజన్ లోహం చుట్టూ దుప్పటిలా కప్పితే నీళ్లు తగలవు, చర్య మందగించాలి కదా, పేలుడెట్లా? 2015లో చెక్ శాస్త్రవేత్తలు అతివేగంగా తీసే కెమెరాతో సోడియం, పొటాషియం మిశ్రలోహపు బొట్టును నీళ్లల్లో పడేసి చూశారు. మిల్లీసెకండు లోపే బొట్టులోంచి ముళ్లపందిలా లోహపు ముళ్లు నీళ్లలోకి పొడుచుకొచ్చాయి. ఎలక్ట్రాన్లన్నీ ఒక్కసారి నీళ్లలోకి దూకేస్తే లోహపు పైపొరలో మిగిలేవన్నీ ధనావేశాలే. ధనానికి ధనం పడదు, ఒకదాన్నొకటి తోసుకుని బొట్టు చీలిపోతుంది, కొత్త ఉపరితలం నీళ్లకు తగులుతుంది, చర్య ఇంకా పెరుగుతుంది. రెండు వందల ఏండ్లుగా ప్రతి కాలేజీలో చూపించే ఆట ఇది, దాని లోపలి సంగతి మొన్నమొన్న బయటపడింది. నాకు ఇది మస్తు నచ్చింది.

ఇప్పుడు దీనికి ఎదురు ప్రయోగం నువ్వే ఇంట్లో చేయొచ్చు. లీటరు నీళ్లు ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మీ బాపు సంచీలోంచి పావుకిలో పొటాష్ తెచ్చి గబగబా కలుపు. చేయి పెట్టి చూడు. పేలడం సంగతి దేవుడెరుగు, నీళ్లు పది డిగ్రీల పైనే చల్లబడతాయి. పలుకులో అయాన్లను విడదీయడానికి పట్టే శక్తి, వాటి చుట్టూ నీటి అణువులు చేరినప్పుడు తిరిగొచ్చే శక్తి కంటే ఎక్కువ. ఆ లోటు నీళ్ల వేడిలోంచే తీసుకుంటుంది, మోల్‌కు 17 కిలోజౌళ్లు. పెట్లుప్పు, అంటే సురేకారం, పొటాషియం నైట్రేట్ అయితే ఇంకా రెట్టింపు తీసుకుంటుంది. అక్బరు కాలంలో దాంతోనే తాగేనీళ్లు చల్లబరిచేవాళ్లు. లోహాన్ని వేస్తే నిప్పు, దాని లవణాన్ని వేస్తే చలి. నీ ప్రశ్నకు సగం జవాబు ఆ డబ్బాలోనే ఉంది. (ఆ నీళ్లు పారబోయకు, చెట్లకు పలచగా చేసి పొయ్యి. సంచీ ఖరీదు తెలుసు కదా.)

ఇక బూడిద. మీ దగ్గర పత్తికట్టె కాల్చినప్పుడు పిడికెడు తెల్లబూడిద తీసుకో. చెంబెడు నీళ్లల్లో కలిపి రాత్రంతా తేరనిచ్చి, పైతేట గుడ్డలో వడపోసి, సగానికి మరిగించు. వేళ్ల మధ్య రుద్దితే సబ్బులా జారుతుంది. చిటికెడు పసుపు వేస్తే ఎర్రబడుతుంది, పారాణి కలిపినప్పుడు సున్నం చేసే పనే ఇది. నిమ్మచెక్క పిండితే బుసబుసమని పొంగుతుంది. పూర్తిగా ఇగిరిపోయేదాకా మరిగిస్తే గిన్నె అడుగున తెల్లపొడి మిగులుతుంది. అది చాలామటుకు పొటాషియం కార్బొనేట్. పాతకాలంలో యూరప్‌లో ఇట్లాగే ఇనుప కుండల్లో ఇగరబెట్టేవాళ్లు. పాట్ అంటే కుండ, యాష్ అంటే బూడిద, కలిపి పొటాష్. మన అమ్మమ్మలు గిన్నెలు తోమింది కూడా దాని చలవతోనే, క్షారం జిడ్డును సబ్బుగా మార్చి కడిగేస్తుంది.

మన ఆయుర్వేదంలో యవల బూడిద నుంచి తీసేది యవక్షారం, అది పొటాషియం. బట్టలుతకడానికి చౌడు నేల నుంచి తెచ్చేది సోడియం. రెండూ వేరని మనవాళ్లకు వాడుకలో తెలుసు. అరబ్బులు మొక్కల బూడిదను అల్ ఖలీ అన్నారు, దాంట్లోంచి లాటిన్‌లో కాలియం వచ్చింది, అందుకే దాని గుర్తు కె. పేరు పి తో మొదలై గుర్తు కె ఎందుకని ప్రతి ఏడూ ఎవడో ఒకడు అడిగేవాడు.

లోహాన్ని మొదట వేరుచేసింది 1807లో, లండన్‌లో హంఫ్రీ డేవీ. కరిగించిన కాస్టిక్ పొటాష్‌లోకి, అంటే పొటాషియం హైడ్రాక్సైడ్‌లోకి, బ్యాటరీ కరెంటు పంపితే చిన్న చిన్న వెండిబొట్లు తేలి, గాలి తగలగానే అంటుకున్నాయి. అప్పుడతను గదిలో గంతులేశాడట. చూడు, మనిషి మొదట అయాన్‌తో వేల ఏండ్లు కాపురం చేసి, పరమాణువును నిన్నగాక మొన్న చూశాడు. ప్రకృతిలో పొటాషియం లోహం ఎక్కడా దొరకదు. ఎలక్ట్రాన్‌ను తిరిగి ఎక్కించాలంటే బలవంతం చేయాల్సిందే.

చేన్లో సంగతి. మీ బాపు తెచ్చే ఎంఓపీ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, అదే పొటాషియం క్లోరైడ్) సంచీ మీద 60 శాతం అని ఉంటుంది, కానీ అది పొటాషియం శాతం కాదు, పొటాషియం ఆక్సైడ్ లెక్క. సంచీలో ఆక్సైడ్ ఒక్క గ్రాము కూడా ఉండదు, ఉంటే నిజంగానే తడి చేతుల్ని కాల్చేసేది. వెనకటి రసాయనవేత్తలు అన్నింటినీ ఆక్సైడ్ కింద తూచేవాళ్లు, ఆ అలవాటు సంచీల మీద నిలిచిపోయింది. అసలు పొటాషియం ఎంతో తెలియాలంటే 0.83తో గుణించు: 50 కిలోల సంచీలో 30 కిలోల "ఆక్సైడ్", అంటే దాదాపు 25 కిలోల పొటాషియం. మిగతాది ఎక్కువగా క్లోరిన్. ఎర్రగా ఉండేది ఇనుము మలినం వల్ల, అది బలం గుర్తూ కాదు, కల్తీ గుర్తూ కాదు. ఎప్పుడో ఎండిపోయిన సముద్రాల ఉప్పు అది. కెనడాలో సస్కాచువాన్ అనే చోట దాదాపు కిలోమీటరు లోతున తవ్వుతారు. మన దేశానికి ఎంఓపీ అంతా బయటి నుంచే రావాలి.

మొక్కలోకి వెళ్లాక కూడా అది అయాన్‌గానే ఉంటుంది. నత్రజని మాంసకృత్తుల్లో చేరిపోతుంది, భాస్వరం కేంద్రకామ్లాల్లో చేరిపోతుంది. పొటాషియం మాత్రం దేంట్లోనూ కట్టుబడదు, రసంలో తిరుగుతూ పనిచేస్తుంది. ఆకు మీది పత్రరంధ్రాల కాపలా కణాల్లోకి అది చేరితే వెంట నీళ్లు వస్తాయి, కణాలు ఉబ్బి రంధ్రం తెరుచుకుంటుంది. అది బయటికి పోతే మూసుకుంటుంది. తిరిగే సరుకు కాబట్టే కరువొస్తే మొక్క ముసలి ఆకుల నుంచి లాగి లేత ఆకులకు పంపుతుంది. అందుకే లోపం మొదట కింది ఆకుల అంచుల్లో, మాడినట్టు కనపడుతుంది. కట్టుబడదు కాబట్టే వానలో నానిన గడ్డివాము నుంచి కారిపోతుంది కూడా. కొయ్యకాళ్లు తగలబెడితే నత్రజని పొగలో పోతుంది, పొటాషియం మాత్రం బూడిదలో మిగులుతుంది. అట్లని తగలబెట్టమని కాదు, పోయేది చాలా ఉంది. మిర్చికి, పొగాకుకు క్లోరిన్ ఎక్కువైతే పడదు కాబట్టి అక్కడ సల్ఫేటు, నైట్రేటు రూపంలో వేస్తారు. 13-0-45 అని అమ్మే ఎరువు ఇందాకటి పెట్లుప్పే.

పెట్లుప్పు అనగానే మందుగుండు. నూటికి 75 పాళ్లు పెట్లుప్పు, 15 బొగ్గు, 10 గంధకం. అక్కడ మండించేది పొటాషియం కాదు, నైట్రేట్ ఇచ్చే ఆక్సిజన్. మరి చవకైన సోడియం నైట్రేట్ ఎందుకు వాడరు? అది గాలిలో తేమ పీల్చి మెత్తబడుతుంది. పొటాషియం అయాన్ పెద్దది, నీటి అణువులను అంత గట్టిగా పట్టుకోదు, కాబట్టి పొడి పొడిగా ఉంటుంది. చాలా సమ్మేళనాల్లో పొటాషియం పని ఇంతే, పెళ్లికొడుకు పక్కన తోడు పెళ్లికొడుకు. వెనుకట చేదబావిలో వేసే పర్మాంగనేట్ ఊదారంగు మాంగనీసు వైపుది. సైనైడ్ విషం సైనైడ్‌ది. షాపు గుమ్మానికి దిష్టికి కట్టే పటికలో నీళ్లను తేర్చే గుణం అల్యూమినియంది. ఈ తోడు పెళ్లికొడుకును అసలు పెళ్లికొడుకు అనుకుని రాసిన జవాబు పేపర్లు ఎన్ని దిద్దానో.

సాల్ట్ అనాలిసిస్‌లో ఒక చిట్కా, ఇది నిజంగానే పరీక్షకు వస్తుంది: పొటాషియం జ్వాల లేత ఊదా. చిటికెడు సోడియం కలిసినా పసుపు మంట దాన్ని మింగేస్తుంది. నీలి కోబాల్ట్ గాజులోంచి చూడు, పసుపు ఆగిపోయి ఊదా కనపడుతుంది. చెమట చేయి తగిలినా తీగకు సోడియం అంటుతుంది, జాగ్రత్త.

మన గుట్టల రాళ్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కరీంనగర్ గ్రానైట్, టాన్ బ్రౌన్ అని దేశదేశాలకు పోయేది, దాంట్లో గోధుమ ఎరుపు పలుకులుంటాయి చూడు, అవి పొటాషియం ఫెల్‌స్పార్. పొటాషియం పరమాణువుల్లో పదివేలకు ఒకటి పైచిలుకు 40 ద్రవ్యరాశి ఉన్న రేడియోధార్మిక రకం. దాని అర్ధాయువు 125 కోట్ల ఏండ్లు. అది క్షీణించినప్పుడు నూటికి 89 పాళ్లు కాల్షియం అవుతుంది, 11 పాళ్లు ఆర్గాన్. మన గాలిలో నూటికి ఒక పాలు దాకా ఉన్న ఆర్గాన్ దాదాపు అంతా ఇట్లా రాళ్లల్లో పుట్టి బయటపడ్డదే. నీ ఒంట్లోనూ ఉంది; పెద్దమనిషిలో సెకనుకు నాలుగువేల పైన పరమాణువులు ఇట్లా క్షీణిస్తాయి. భయపడాల్సిందేమీ లేదు, తాతముత్తాతల నుంచీ అంతే.

ఆవర్తన పట్టికలో ఆర్గాన్ భారం 39.95, దాని తర్వాత వచ్చే పొటాషియం 39.10. బరువైనది ముందెందుకు? 1894లో ఆర్గాన్ దొరికినప్పుడు పెద్ద తలనొప్పి ఇది. 1913లో మోస్లీ పరమాణు సంఖ్యతో లెక్క సరిచేశాడు, నీ పుస్తకం అక్కడ ఆపుతుంది. అసలు ఆర్గాన్ అంత బరువెందుకైందంటే, గాలిలోని ఆర్గాన్ దాదాపు అంతా 40 రకమే, పొటాషియం కన్నబిడ్డ. తల్లి పక్కన బిడ్డ బరువు తూగి పట్టికను తికమక పెట్టింది.

నాయనమ్మ దగ్గరికి వద్దాం. మనిషి ఒంట్లో 140 గ్రాముల దాకా పొటాషియం ఉంటే, నూటికి 98 పాళ్లు కణాల లోపలే. లోపల లీటరుకు 140 మిల్లీమోళ్లు, బయట రక్తంలో 3.5 నుంచి 5. సోడియం దీనికి తలకిందులు. ఊరికే అట్లా ఉండదు. ప్రతి కణం గోడలో పంపులు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంటాయి, రాత్రీ పగలూ. దీన్ని 1957లో బయటపెట్టిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు నలభై ఏండ్లకు, 1997లో నోబెల్ ఇచ్చారు.

రెంటికీ ఆవేశం ఒకటే, మరి కణం ఏది ఏదో ఎట్లా గుర్తుపడుతుంది? కొలతతో. పొటాషియం పోయే దారిలో ఆక్సిజన్ పరమాణువులు వరుసగా, పొటాషియం అయాన్‌కు సరిగ్గా తగిలేంత దూరంలో ఉంటాయి. అది తన చుట్టూ ఉన్న నీటి అణువులను వదిలేసి వాటి మధ్యకు హాయిగా దిగుతుంది. సోడియం అయాన్ చిన్నది, 102 పికోమీటర్లే, అన్ని ఆక్సిజన్లకూ అందదు. నీళ్లను వదిలితే దానికి నష్టం, అందుకని రాదు. పెద్దది పడుతుంది, చిన్నది పట్టదు, ఇట్లాంటి జల్లెడ ఎక్కడా చూసి ఉండవు. రోడరిక్ మెకిన్నన్ 1998లో దీని ఆకారం చూపించాడు, 2003లో నోబెల్ వచ్చింది.

గుండె కొట్టుకోవడం ఈ లోపలి, బయటి తేడా మీదే నడుస్తుంది. ఇప్పుడు లెక్క వెయ్యి. కణాల బయట మొత్తం పొటాషియం రెండు, రెండున్నర గ్రాములే. కొబ్బరినీళ్లల్లో 100 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పెద్ద బోండంలో 300 మిల్లీలీటర్లు అనుకుంటే ముప్పావు గ్రాము. నీకైతే ఇన్సులిన్ దాన్ని కణాల్లోకి నెట్టేస్తుంది, మిగిలింది కిడ్నీలు కొన్ని గంటల్లో పంపేస్తాయి. పంపే దారి సన్నబడిన మనిషికి ఆ ముప్పావు గ్రాము చిన్నది కాదు. డాక్టరు బోండం బంద్ చేసింది అందుకే. అదే పొటాషియం క్లోరైడ్ విరేచనాలప్పుడు తాగే ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్రామున్నర ఉంటుంది, అక్కడ ప్రాణం నిలుపుతుంది.

మీ ఇంట్లో చూసుకోవాల్సినవి: బీపీకి మంచిదని "తక్కువ సోడియం" ఉప్పు ప్యాకెట్ తెచ్చారేమో చూడు. సోడియం తగ్గించి దాంట్లో కలిపేది పొటాషియం క్లోరైడే, కిడ్నీ మనిషికి అది అసలు పనికిరాదు. చింతపండు గుజ్జులో 100 గ్రాములకు 600 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, కాబట్టి రోజూ పచ్చిపులుసు పోసుకునే అలవాటుంటే అది కూడా డాక్టరుకు చెప్పాలె. ఉడికిస్తే పొటాషియం చావదు, అది అయాన్, దానికి చావేముంది. కానీ నీళ్లలోకి దిగుతుంది. ఆలుగడ్డలాంటివి చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లల్లో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది. ఆ నీళ్లతోనే చారు పెడితే మొత్తం మళ్లీ కంచంలోకే. ఏది ఎంత తినాలో మాత్రం డాక్టరే చెప్పాలె, నేను చెప్పేది కెమిస్ట్రీ వరకే.

ఇంకొకటి. రిపోర్టులో పొటాషియం ఎక్కువ వస్తే ఒక్కోసారి డాక్టరు వెంటనే మందు మార్చకుండా రక్తం మళ్లీ తీయమంటారు, ఇంట్లోవాళ్లు పైసల కోసమనుకుంటారు. సూది సన్నగా ఉండి గట్టిగా లాగినా, ట్యూబును బాగా కుదిపినా ఎర్రకణాలు పగులుతాయి. లోపల బయటికంటే ముప్పై రెట్లు దాకా ఉంది అన్నాను కదా, అదంతా ట్యూబులోకి కారి అంకె పెంచేస్తుంది. అట్లాంటప్పుడు ఒంట్లో ఉన్నది మాత్రం మామూలే. నిజంగా పెరిగిందా, ట్యూబులో పెరిగిందా అన్నది తేలేది ఆ రెండో టెస్టుతోనే. కాబట్టి మళ్లీ రమ్మంటే అదే రోజు తీసుకుపో.